పదకొండో మద్దిలేటి

రాత్రి పదీ ఇరవై.
ఓర్వకల్లు దాటి, శకునాల మిట్ట మీద
వేల పలకలు ఎల్లకిలా పండుకోని
చీకటికి మొహం చూపిస్తాండాయి.
వాటికి కాపలా నేను.
ఎండను ఎవుడెత్తుకపోతాడని అడగొద్దు,
ఎత్తుకపోయేది రాగితీగ.

మాబు బాషా డ్యూటీ దిగిపోతా
నా ఫోన్లో ఒక ఆట ఎక్కించి పోయినాడు.
"నిద్ర రాదు మామా, అంతా ఆకాశంలోనే,
లచ్చలమంది ఒకేపారి ఆడతాంటారు."
రెండు జీబీ దిగేసరికి
రెండుసార్లు కంచె చుట్టి వచ్చినా.

మొదట జాతి అడిగింది.
ఇక్కడ గూడానా అనుకున్యా.
చూస్తే మూడే: మనిషి, మరమనిషి,
పచ్చతోలు వాడొకడు.
ఏది నొక్కినా సర్టిఫికెట్టు అడగలే.

తర్వాత రంగు.
బొగ్గు నుంచి పాలదాకా ఒక గీత,
వేలితో జరుపుకోవాల.
జరిపి జరిపి, నా చెయ్యి తెరపక్కన పెట్టి చూసి
నా రంగు కాడనే నిలిపినా.

ఆఖరికి పేరు.
మా ఊర్లో మద్దిలేట్లు నాతో కలిపి పదకొండు మంది.
కట్టెల మద్దిలేటి, టైలర్ మద్దిలేటి,
మిలిటరీకి పోకుండానే మిలిటరీ మద్దిలేటి.
బ్యాంకులో పిలిస్తే ముగ్గురం లేస్తాం.
ఒకపారి ఇంకొకని సూది నాకేసినారు.
బెదురుబెదురుగానే అక్షరాలు కొట్టినా.
పచ్చగా టిక్కు పడింది:
ఈ పేరు ఎవరూ తీసుకోలేదంట.
ఇంత పెద్ద పాలపుంతలో
ఒక్కడంటే ఒక్కడు లేడు.
కుర్చీలోంచి లేచి నిలబడినా,
ఎవురూ పిలవకుండానే.

ఓడ దిగింది. తలుపు తెరుచుకుంది.
ఎర్రమన్ను. గుండ్రాళ్ళు.
కనుచూపుమేర చెట్టు లేదు.
కొత్త లోకానికి స్వాగతం, అంటాది.
ఒరే, ఇది మా చేనే గదరా!
ఇప్పుడది ఏడో వరస నుంచి పన్నెండో వరసదాకా
పలకల కింద ఉండాది.

మొదటి అడుగుకే చచ్చినా.
గాలిటోపీ పెట్టుకోవాలంట, ఎవురు చెప్పినారు?
మూడు లెక్కబెట్టేలోగా
మళ్ళ ఓడ గుమ్మంలో నిలబెట్టింది
ఏమీ జరగనట్ల.

మొదటి పని: పది రాళ్ళు ఏరాల.
నవ్వొచ్చింది.
తొలకరికి జొన్నగిరి చేన్లల్లో వంగి వంగి
మూడేండ్లు ఏరినోడ్ని నేను,
వజ్రమనుకోని సీసాపెంకును
తువ్వాల కొసన ముడేసుకొచ్చినోడ్ని.
ఇక్కడ నడుం వంచే పనిలేదు,
ప్రతి రాయీ మెరుస్తాది, ప్రతి రాయికీ ధర.
మెరిసిందల్లా నిజమే అయితే
ఏరేదాంట్లో రుచేముంది?
అనుకుంటానే పదీ ఏరి
పదకొండోది గూడా ఏరినా.

రెండో పని: నీళ్ళకు బోరు.

వేలు ఆగింది.
ఆరునూర్ల అడుగులు, ఏడునూర్లు,
తొమ్మిదినూర్ల ఇరవై.
మూడోదాంట్లో తెల్లగా దుమ్ము లేచింది, విభూది మాదిరి.
రిగ్గాయన టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి
డబ్బులడిగినాడు.
ఈ గ్రహం మీద
అరచేతిలో టెంకాయ నిలబెట్టుకోని
జాగా చూపించే ముసలాయన గూడా లేడు.

అప్పుడొచ్చింది ఒక ఆకారం.
నెత్తిమీద నోరు తిరగని పేరు,
పక్కన అంకె తొంభై రెండు. నాది ఒకటి.
ఏ దేశమో, ఆడో మగో,
వాళ్ళకిప్పుడు పగలో రాత్రో.
మాటకు బదులు మూడు మీటలుండాయి:
దండం, చప్పట్లు, చిందు.
నేను దండం నొక్కినా. అది చిందేసింది.
నాలుగడుగులు పక్కకు నడిచి
నేలమీద కూర్చోని లేచింది.
మళ్ళ కూర్చోని లేచింది.
ఇక్కడ, అని.

దించినా. మూడు సెకన్లు.
నీళ్ళు!

ఉత్తుత్తి నీళ్ళే, తెలుసు.
తెరమీద ఏదో పడితే తుడుచుకున్యా.
దుమ్మే లే.

చప్పట్లు కొడదామనుకునేలోగా
బ్యాటరీ నాలుగు శాతం.
చుట్టూ ఇన్ని మెగావాట్లు పండుకోని ఉంటే
నా గదిలో ప్లగ్గు పనిచెయ్యదు.
ఆ మనిషి అక్కడే నిలబడి ఉంటాది పాపం,
వీడెట్ల మాయమైనాడని.

టార్చి తీసుకోని రౌండు పోయినా.
ఏడు. ఎనిమిది. తొమ్మిదో వరస కాడ
అటూ ఇటూ చూసి
నేలమీద కూర్చోని లేచినా.